షాకులో మూత్రపిండములకు రక్తమేల తగ్గును?

ఈ పాఠములో ఎరువును గూర్చి కాని, విత్తనమును గూర్చి కాని వ్రాయుట లేదు. మండుటెండలో చెరకు కొట్టునపుడు, వాంతులు విరేచనములు పట్టుకొనినపుడు, గట్టు మీద రక్తపింజర కరచినపుడు మన దేహములోని మూత్రపిండములకు ఏమి జరుగునో చెప్పదలచితిని. నేను వైద్యుడను కాను, సస్యశాస్త్రము బోధించువాడను. అయినను ఈ విషయములో సగము నీటిపారుదల విద్యయే. కాలువ, తూము, వంతు, శివారు భూమి అను మాటలు తెలిసిన వారికి ఇది పట్టుబడుట కష్టము కాదు. కొన్ని గంటల ఆలస్యముతో ప్రాణము మీదికి వచ్చు జబ్బు గనుక శ్రద్ధగా చదువగోరెదను.

అర సెంటు మడికి ఐదవ వంతు నీరు

మన నడుమునకు పైన, వెన్నెముకకు ఇరుప్రక్కల చిక్కుడుగింజ ఆకారములో రెండు మూత్రపిండములు ఉన్నవి. రెండును కలిపి తూచిన సుమారు 300 గ్రాములు. 60 కిలోల మనిషిలో ఇది 200 పాళ్ళలో ఒక పాలు మాత్రమే. గుండె నిమిషమునకు సుమారు 5 లీటర్ల రక్తమును తోడుచుండగా, అందులో ఒక లీటరుకు పైగా ఈ రెండింటికే పోవుచున్నది. ఎకరము చేనిలో అర సెంటు మడికి కాలువ నీటిలో ఐదవ వంతు పారించినట్లన్న మాట.

ఇంత రక్తము మూత్రపిండమునకు తన పోషణ కొరకు కాదు, శుద్ధి చేయుట కొరకు కావలెను. ఒక్కొక్క మూత్రపిండములో సుమారు పది లక్షల సన్నని రక్తనాళపు గుత్తులు ఉన్నవి. ఒక్కొక్క గుత్తి ఒక జల్లెడ. ఈ జల్లెడల గుండా రోజుకు 180 లీటర్ల నీరు వడిసి, ప్రక్కనున్న సన్నని గొట్టములలోనికి దిగును. ఆ గొట్టములు నీటిని, ఉప్పును, చక్కెరను తిరిగి రక్తములోనికి పీల్చుకొనగా, చివరకు మిగులు మలినముతో కూడిన లీటరున్నర నీరే మూత్రము. వడపోత సులభమైన పని, రక్తపు పోటే దానిని చేయించును. తిరిగి పీల్చుటయే శ్రమ. ముఖ్యముగా ఉప్పును పీల్చుటకు ప్రాణవాయువు మిక్కుటముగా ఖర్చగును. ఈ సంగతి గుర్తుంచుకొనుడు. ముందు దీనితో పని ఉన్నది.

ప్రతి గుత్తికిని ముందొక తూము, వెనుకొక తూము కలవు. పోటు కొంత తగ్గినపుడు ముందు తూము తెరచుకొనును, వెనుక తూము బిగియును. గుత్తిలో నీటిమట్టము నిలిచి వడపోత సాగును. పోటు పెరిగినపుడు ముందు తూము బిగియును. వైద్యుడు 120, 80 అని రెండంకెలు చెప్పునే, వాని సగటు పోటు సుమారు 93. ఈ సగటు 80కి దిగనంతవరకు తూములు తమంతట తామే సర్దుకొని మూత్రపిండపు రక్తప్రవాహమును చాలవరకు సమముగా ఉంచును. అంతకు దిగువకు పోయినచో ఆ సర్దుబాటు చాలదు.

కరవు నాటి వంతు

వైద్యులు షాకు అనునది విద్యుత్తు తగులుట కాదు, భయపడుట కాదు. దేహములోని అవయవములకు చాలినంత రక్తము అందని స్థితి అది. రక్తము కారిపోయినను, విరేచనములలో నీరు పోయినను, చెమటగా పోయినను, గుండె బలహీనపడినను, రక్తములో సూక్ష్మజీవుల విషము వ్యాపించినను ఈ స్థితి కలుగవచ్చును.

జలాశయములో నీరు అడుగంటినపుడు ఏమి చేయుదురు? త్రాగునీటికి మొదటి వంతు, పైరుకు తరువాతి వంతు. దేహము చేయునదియు అదే. మెదడు, గుండె ఈ రెండింటికి త్రాగునీటి హక్కు ఉన్నది. నరముల ద్వారాను, రక్తములో కలియు కొన్ని రసముల ద్వారాను ఆజ్ఞలు పోయి చర్మమునకు, ప్రేగులకు, మూత్రపిండములకు పోవు తూములు బిగింపబడును. రోగి చేతులు చల్లబడుట, ముఖము పాలిపోవుట ఇందువలననే. మూత్రపిండము తగ్గుట మన కంటికి కనబడదు. మూత్రము తగ్గుటలోనే తెలియును.

గాయములతో షాకులో ఉన్న మనుష్యులలో ఈ ప్రవాహమును కొలిచినవారు అమెరికాలోని న్యూయార్కు నగరమున బెల్‌వ్యూ ఆసుపత్రిలో పనిచేసిన లాసన్, బ్రాడ్లీ, కూర్నాండ్ అను పరిశోధకులు. వారి వ్యాసము 1944లో వెలువడినది. (ఈ కూర్నాండే గుండెలోనికి సన్నని గొట్టమును పంపి పరీక్షించు పద్ధతికై 1956లో నోబెల్ బహుమతి పొందిన వారిలో ఒకడు.) వారు కనుగొనిన ముఖ్యాంశమేమన, షాకులో గుండె తోడు రక్తము ఎంత తగ్గునో మూత్రపిండములకు పోవునది అంతకంటె ఎక్కువగా తగ్గును. కాలువలో నీరు సగమైనపుడు అందరికి సగము వచ్చుట కాదు. ఈ మడికి వచ్చునది సగములో సగము కూడ కాకపోవచ్చును. ఐదవ వంతు హక్కుదారునికే మొదటి కోత!

ఇది దేహము చేసిన పొరపాటని తలపకుడు. మెదడు కొలది నిమిషములు రక్తము లేక బ్రతుకలేదు. మూత్రపిండము కొంతసేపు ఓర్చుకొనగలదు. ఓర్పు గలవానికి నీరు ఆపి లేనివానికి ఇచ్చుట న్యాయమే. అయితే ఆ ఓర్పునకు గడువున్నది. శస్త్రచికిత్సలో మూత్రపిండపు ధమనిని పూర్తిగా కట్టవలసి వచ్చినపుడు, చల్లార్చుట మొదలగు ఏర్పాటు లేనిచో సుమారు అరగంట దాటనీయరాదని వైద్యులు చాలకాలముగా పాటించుచున్నారు. షాకులో ప్రవాహము పూర్తిగా ఆగదు కనుక గడువు గంటలలో ఉండును. రోజులలో మాత్రము ఉండదు.

శివారు భూమి ఏది?

మూత్రపిండమును నిలువున కోసిన, వెలుపల ఒక పొర, లోపల ఒక భాగము కనబడును. వచ్చిన రక్తములో నూటికి 90 పాళ్ళు వెలుపలి పొరకే పోవును. లోపలి భాగమునకు అందునది సుమారు పదియే. 1947లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో ట్రుయేటా అను శస్త్రవైద్యుడు (స్పెయిన్ అంతర్యుద్ధము పిమ్మట దేశము విడిచి వచ్చిన కటలాన్ జాతీయుడు) తన సహచరులతో కలిసి కుందేళ్ళలో చేసిన పరిశోధనలను ప్రకటించెను. కొన్ని పరిస్థితులలో వెలుపలి పొర పాలిపోయి, రక్తము అడ్డదారిని లోపలి భాగము గుండా మరలిపోవునని ఆయన చూపెను. మనుష్యులలో అంతటి అడ్డదారి లేదని తరువాత తేలినది. అయినను మూత్రపిండములో రక్తము అన్ని భాగములకు ఒకే తీరున తగ్గదను ఆలోచనకు ఆ గ్రంథము గొప్ప ఊపునిచ్చినది.

నేడు తెలిసినదేమన, అతి సున్నితమైన శివారు భూమి లోపలి భాగపు వెలుపలి అంచున ఉన్నది. ఉప్పును తిరిగి పీల్చు కష్టమైన పనిలో పెద్దభాగము అక్కడ జరుగును. పని హెచ్చు, నీరు తక్కువ. మంచి రోజులలోనే ఆ చోటు తనకు వచ్చిన ప్రాణవాయువులో నూటికి 80 పాళ్ళు వాడుకొనును. నిలువ ఏమియు లేదు. కాలువ బాగుగా పారు సంవత్సరములోనే మడి తడిసీ తడియకుండ పండించుకొను శివారు రైతు, కాలువ కట్టివేసిన వారములో ఏమగునో మీకు నేను చెప్పనక్కరలేదు.

అక్కడి గొట్టముల గోడలలోని కణములు చచ్చి, ఊడి, గొట్టములోనే పడి, బోదెలో పూడికవలె అడ్డుపడును. గోడలు చెడుట వలన వడిసిన నీరు వెనుకకు కారిపోవును. ఇంకొక విచిత్రమున్నది. గొట్టము ఉప్పును పీల్చలేనపుడు ఆ ఉప్పు చివరి వరకు పోయి, వడపోత ఆపవలసినదని ముందు తూమునకు కబురు పంపును. తూము మరింత బిగియును. ఇది మేలుకే. ఏలయనగా గొట్టములు పీల్చుట మానినను జల్లెడలు మునుపటివలె పనిచేసినచో, రక్తములోని సుమారు మూడు లీటర్ల ద్రవము అరగంటలో మూత్రమై పోయి మనిషి చనిపోవును. కనుక ఈ జబ్బులో మూత్రము ఆగుట దేహము తన్ను కాపాడుకొనుటలో ఒక భాగమని కొందరు శాస్త్రజ్ఞులు చెప్పుదురు. నాకును ఆ మాట సబబనియే తోచును.

మధ్యాహ్నపు వాడు, మరల లేవని వాడు

మిరప మొక్క మధ్యాహ్నము వాడి సాయంకాలమునకు లేచును. భూమిలో తేమ మరింత తగ్గిన పిమ్మట వాడిన మొక్కకు ఎంత నీరు పెట్టినను లేవదు. మూత్రపిండములో కూడ ఈ రెండు దశలు ఉన్నవి.

మొదటి దశలో రక్తము తగ్గినది కాని కణములు బ్రతికియే ఉన్నవి. అప్పుడు మూత్రపిండము పిసినారివలె ప్రవర్తించును. ఉప్పును, నీటిని చుక్క పోనీయక పట్టుకొనును. మూత్రము కొద్దిగా, ముదురు రంగుతో, చిక్కగా వచ్చును; పరీక్షించిన దానిలో ఉప్పు బహు తక్కువ. ఈ దశలో నీరు, లవణము అందించినచో కొన్ని గంటలలోనో, ఒకటి రెండు దినములలోనో అంతయు సర్దుకొనును. రెండవ దశలో కణములు చచ్చినవి. మూత్రము కొద్దిగా వచ్చినను పలుచన. ఉప్పు దానిలో వ్యర్థముగా పోవుచుండును. ఇక నీరు పోసిన లాభము లేదు, కీడు కూడ కలదు. వైద్యులు మూత్రములోని సోడియమును కొలుచుట ఈ రెండు దశలను వేరు చేయుటకే.

ఈ మొదటి దశ గడువులోనే మీ చేతిలో పని ఉన్నది. కొలత కూడ సులభమే. 60 కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గకుండ మూత్రము రావలెను. రెండు గంటలకు ఒక చిన్న టీ గ్లాసెడు అనుకొనుడు. ఆరు గంటలు వరుసగా అంతకు తగ్గినచో మూత్రపిండమునకు దెబ్బ తగులుచున్నదని లెక్క. జబ్బు మనిషి ప్రొద్దుటి నుండి మూత్రమునకు పోయెనా, లేదా అని అడుగుట మన ఇండ్లలో అలవాటు లేదు. జ్వరమెంత అని అడిగినట్లే ఇదియు అడుగవలెను.

పొలములో తగులు దెబ్బలు

విరేచనములు: కలరా వంటి జబ్బులో గంటకు లీటరు వరకు నీరు పోవచ్చును. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ కాలమున పశ్చిమ బెంగాలులోని బంగావ్ శరణార్థి శిబిరములో సెలైను సీసాలు చాలనపుడు డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని రోగుల బంధువుల చేతనే త్రాగించెను. నూటికి 30 వరకు ఉన్న మరణములు 4 కంటె తక్కువకు దిగినవి. గ్లూకోజు ప్రేగులలో ఉప్పును, ఉప్పు నీటిని తమతో కూడ లోనికి లాగుకొనిపోవును. ఉత్త నీరు అంతగా నిలువదు. ఓఆర్ఎస్ పొట్లము దొరకనిచో కాచి చల్లార్చిన లీటరు నీటిలో చిన్న చెంచాతో తలకొట్టి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి, గుటకలు గుటకలుగా ఇయ్యవలెను. ఉప్పు వేసిన పలుచని గంజి కూడ మంచిదే.

ఎండ: వేసవిలో కష్టపడి పనిచేయువానికి గంటకు లీటరు చెమట పోవుట సామాన్యము. దేహమును చల్లార్చుటకు చర్మమునకు హెచ్చు రక్తము పంపవలసి వచ్చును. అది కూడ మూత్రపిండపు వాటా నుండియే తీయబడును. దప్పిక అగువరకు ఆగక పావుగంటకో, ఇరువది నిమిషములకో ఒక గ్లాసు నీరు త్రాగవలెను. కూలివారికి నీడ, నీరు ఏర్పరచుట యజమాని బాధ్యత. మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశములలో చెరకు కొట్టువారి మూత్రపిండములు చెడుటను చూచి అక్కడి తోటలలో నీరు, విశ్రాంతి, నీడ అను మూడింటిని పనిలో భాగముగా చేసిరి. (మన ఉద్దానము ప్రాంతపు దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి మరియొక పెద్ద విషయము, దానికి ఒక్కటే కారణమని తేలలేదు. ఈ పాఠములో దానిని కలుపుట లేదు.)

రక్తపింజర కాటు: దీని విషము రక్తము గడ్డకట్టు గుణమును చెరచును, సన్ననాళముల నుండి ద్రవమును కార్చును, పోటును దించును, మూత్రపిండపు కణములను నేరుగాను దెబ్బతీయును. ఇన్ని విధముల దెబ్బ ఒక్కసారి తగులుట వలననే మన వ్యవసాయదారులలో హఠాత్తుగా మూత్రపిండములు ఆగుటకు ఇది ఒక ముఖ్య కారణమైనది. కాటును కోయుట, పీల్చుట, తాడు బిగించుట కూడదు. కాలు కదలకుండ బద్ద కట్టి ఆసుపత్రికి చేర్చవలెను. అక్కడ రోగి రక్తమును శుభ్రమైన పొడి గాజు గొట్టములో తీసి 20 నిమిషములు కదపక ఉంచి, గడ్డకట్టెనా లేదా అని చూతురు. మనదేశపు విషవిరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికి పనిచేయును. అది రక్తములో తిరుగుచున్న విషమునే విరుచును. చెడిన కణమును తిరిగి బ్రతికింపలేదు. కనుక మంత్రము వేయించిన పిమ్మట ఆసుపత్రి అనుట గడువును చేజేతుల పోగొట్టుకొనుటయే.

గోడ కూలి, ట్రాక్టరు తిరుగబడి కండరములు నలిగినపుడు కూడ ఇదే ముప్పు. 1941లో లండనులో బాంబుల దాడిలో కూలిన ఇండ్ల క్రింద నలిగిన నలుగురిని గూర్చి బైవాటర్స్, బీల్ అను వైద్యులు వ్రాసిరి. పైకి తేరుకొనినట్లు కనబడిన మనుష్యులు మూత్రము తగ్గి కొలది దినములలో మరణించిరి. నలిగిన కండరము నుండి వచ్చు ఎర్రని పదార్థము గొట్టములను మూయును. మూత్రము టీ డికాషను రంగులో ఉన్నచో ఒక్క గంటయు ఆగకూడదు.

ఎలుక జ్వరము వంటి సూక్ష్మజీవుల వ్యాధుల దారి కొంత వేరు. కొందరిలో మూత్రపిండములకు పోవు రక్తము తగ్గకయే వడపోత పడిపోవును. వెనుక తూము వదులై గుత్తిలో మట్టము నిలువదు. చేతులు వెచ్చగా ఉన్నవి, భయము లేదనుకొనరాదు.

నొప్పి సూది

ఈ విషయమును కొంచెము గట్టిగానే చెప్పదలచితిని. పోటు తగ్గినపుడు ముందు తూమును తెరచి ఉంచునది మూత్రపిండములోనే పుట్టు ఒక రసము. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మందులు ఆ రసమును పుట్టనీయవు. నీరు నిండుగా ఉన్న ఆరోగ్యవంతునికి ఒక మాత్ర వలన సాధారణముగా ప్రమాదము రాదు. అతని మూత్రపిండము ఆ రసముపై ఆధారపడి లేదు. కాని రోజంతయు ఎండలో కోత కోసి, ఒళ్ళు నొప్పులని సాయంకాలము సూది వేయించుకొనువాని సంగతి వేరు. విరేచనములలో జ్వరము తగ్గుటకని అదే సూది వేయించుకొనువాని సంగతి మరియు వేరు. తెరచి ఉన్న ఒక్క తూమును మనమే మూసినట్లగును. సూది వేసిన వెంటనే నొప్పి పోవుట చేత దాని మీద మన పల్లెలలో గురి ఎక్కువ. నీరు తగ్గిన దినమున అడిగి మరీ వద్దనవలెను. జ్వరమునకు తగు మోతాదులో పారాసిటమాల్ చాలును.

పశువులున్న వారికి ఇంకొక ముక్క. మన రాబందులు ఏమైనవని పెద్దలు అడుగుచుందురు. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ కళేబరములలో మిగిలి, వానిని తిన్న రాబందుల మూత్రపిండములు చెడి అవి చచ్చుచున్నవని 2004లో తేలినది. 2006లో మన ప్రభుత్వము పశువుల కొరకు దాని తయారీని నిషేధించినది.

రక్తపోటుకు వాడు ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ వంటి మాత్రలు వెనుక తూమును వదులు చేయును. మామూలు రోజులలో అవి మూత్రపిండమునకు మేలే చేయును. వాంతులు, విరేచనములు తీవ్రముగా ఉన్న దినములలో మాత్రము వానిని కొనసాగింపవలెనా అని వైద్యుని అడుగవలెను. మీ అంతట మీరు శాశ్వతముగా మానకూడదు.

మూత్రము ఆగిన పిమ్మట

మురుగు కాలువ పూడిన చేనికి నీరు పెట్టిన పైరు కుళ్ళును. రెండవ దశలో బలవంతముగా నీరు త్రాగించినను, సెలైను ఎక్కించినను అది ఊపిరితిత్తులలో చేరి ఆయాసము వచ్చును. కొబ్బరినీరు విషయము ఇక్కడనే చెప్పవలెను. దానిలో పొటాషియము హెచ్చు. మూత్రము సాగుచున్న మనిషికి అది మంచిదే. మూత్రము ఆగిన వానికి ఆ పొటాషియము బయటికి పోవు దారి లేక రక్తములో పేరుకొని గుండెను ఆపగలదు. పండ్ల రసములు, అరటిపండు కూడ అంతే. ప్రేమతో కొబ్బరిబోండము తెచ్చువారికి ఈ మాట నచ్చచెప్పుట కష్టము, అయినను చెప్పవలెను. మూత్రము జారీ చేయు ఆకుపసరులు, సూదులు అలసిన ఎద్దును చెర్నాకోలతో కొట్టుట వంటివి. చెడిన కణములకు వాని వలన బాగు కలుగదు.

ఆ దశలో రక్తమును యంత్రముతో శుద్ధి చేయు డయాలిసిస్ అవసరము కావచ్చును. నెదర్లాండ్స్ దేశములో కోల్ఫ్ అను వైద్యుడు 1943లో దీనిని మనుష్యులలో ఆరంభించెను. 1945లో 67 ఏండ్ల వృద్ధురాలొకతె దాని వలన బ్రతికి బయటపడినది. డయాలిసిస్ అనగానే జన్మంతయు యంత్రమే గతి అని మనవారు హడలిపోయి రోగిని ఇంటికి తీసుకొని పోవుట కలదు. హఠాత్తుగా వచ్చిన ఈ జబ్బులో అట్లు కాదు. మరల లేవని మొక్కతో నేను పోల్చిన పోలిక ఇక్కడ సరిపడదు: చచ్చిన కణముల స్థానమున ప్రక్క కణములు విభజన చెంది క్రొత్తవి పుట్టును. యంత్రము అంతవరకు మనిషిని నిలుపును. చాలమందిలో ఒకటి నుండి మూడు వారములలో మూత్రము తిరిగి వచ్చును. యంత్రము కంటె త్వరపడుటయే మేలనుటకు ఒక లెక్క చూడుడు. అమెరికా సైన్యపు క్షతగాత్రులలో కొరియా యుద్ధమున (1950–53) సుమారు 200 మందిలో ఒకరికి ఈ జబ్బు రాగా, హెలికాప్టర్లలో త్వరగా చేర్చి రక్తము, ద్రవములు ఎక్కించిన వియత్నాము యుద్ధములో సుమారు 600 మందిలో ఒకరికే వచ్చినది.

తేరుకొను వారములో మరియొక జాగ్రత్త. క్రొత్త కణములకు పీల్చు నేర్పు ఇంకను రాదు గనుక మూత్రము రోజుకు నాలుగైదు లీటర్లు కూడ పోవచ్చును. జబ్బు పోయినదని నీరు తగ్గించినచో మరల మొదటికి వచ్చును. పోయిన కొలతను సీసాతో కొలిచి, వైద్యుడు చెప్పినంత నీరు, ఉప్పు తిరిగి ఇయ్యవలెను. ఇంటికి వచ్చిన మూడు నెలలకు రక్తములో క్రియాటినిన్, మూత్రములో మాంసకృత్తు పరీక్షలు చేయించవలెను. కొందరిలో కొంత లోపము నిలిచిపోవును. అట్టివారు నొప్పి మందులను జీవితాంతము మానుటయు, ఏటేట ఆ పరీక్షలు చేయించుకొనుటయు అవసరము.